పైథాన్ అనే మాట

సెప్టెంబర్ 29, సోమవారం

ఉద్యోగం పోయింది.

పొద్దున మెయిల్ వచ్చింది. హైదరాబాద్‌లో మా టీం మొత్తాన్నీ తీసేశారు. ఐదేళ్లు ఇక్కడే, తిరువూరులో, ఈ కిటికీ పక్కన కూర్చుని చేసిన ఉద్యోగం. మీటింగుల్లో నేను ఎప్పుడూ నోరు విప్పలేదు. "మైక్ పనిచేయడం లేదు" అని టైపు చేసేదాన్ని. ఐదేళ్లపాటు పనిచేయని మైకు ఉంటుందా అని వాళ్లూ అడగలేదు. మంచివాళ్లు.

సాయంత్రం ఆయన స్కూల్ నుంచి రాగానే చెప్పాను. ఉద్యోగం పోయిందండీ అనాలి. అనలేనని ముందే తెలుసు. అందుకని "నా జాబ్ ఇంక లేదండీ" అన్నాను.

"పోతే పోయిందిలే, పిచ్చిదానా. పద, టీ పెడతా" అన్నారు.

ఒక్క గుక్కలో అన్ని ప లు! కొందరికి దేవుడు అలా ఇచ్చాడు.

అక్టోబర్ 1

ఈ డైరీ కొత్తది కాబట్టి దీనికి ఒకసారి చెప్పాలి. మాట మొదట్లో ప వస్తే నా పెదాలు అతుక్కుపోతాయి. మిగతా అక్షరాలకి ఏమీ కాదు. ఒక్క ప. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే పాలకి మిల్క్ అంటాను, పప్పుకి దాల్, పెరుగుకి కర్డ్. నా పేరు చెప్పాలంటే "ఐ యామ్ హెప్సిబా". వీధిలో అందరూ నాకు ఇంగ్లీషు ఫోజు అనుకుంటారు. అనుకోనీ. నత్తి అనుకోవడం కంటే ఫోజు అనుకోవడం నయం.

మా ఆయన పేరు ప్రేమ్ కిరణ్. "ఏవండీ" అనే మాట ఒకటి ఉంది కాబట్టి గట్టెక్కాను. విస్సన్నపేట హైస్కూల్లో పీఈటీ ఆయన. ఎవరైనా అడిగితే గేమ్స్ సార్ అంటాను. పెళ్లిలో మాత్రం తప్పలేదు. పాస్టరు గారు "ప్రేమ్ కిరణ్ అను నిన్ను" అని నా చేత అనిపించబోయారు. నేను అక్కడే ఆగిపోయాను. దుఃఖం ముంచుకొచ్చిందనుకుని పాస్టరమ్మ గారు చేతిరుమాలు ఇచ్చారు. చర్చిలో సగంమంది నాతోపాటు ఏడ్చారు.

ఆయనకి తెలియదు. పెళ్లై ఆరేళ్లు, తెలియదు.

ఇన్నేళ్లూ నాకు అన్నం పెట్టిన కంప్యూటర్ భాష పేరు పైథాన్. ఇది కూడా రాయగలను తప్ప అనలేను.

అక్టోబర్ 5, ఆదివారం

చర్చి అయ్యాక బస్టాండ్ సెంటర్లో టిఫిను. నేను ఇడ్లీ చెప్పాను. ఆయన మళ్లీ పూరీ తెప్పించుకుని, ఒక్క ముక్క తిని, నూనె వాసన అన్నారు. ఎప్పుడూ ఇదే. ఈ మనిషికి తిండి మీద నిలకడ లేదు. చివరికి నా ఇడ్లీ ఆయనకి, ఆయన పూరీ నాకు. పూరీ చాలా బాగుంది. వాసనేమీ లేదు.

అక్టోబర్ 7

వచ్చింది! 3.14. పైథాన్ కొత్త వెర్షన్, లెక్కల్లో పై విలువే దాని నంబరు కదా, ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నాను. ఉద్యోగం లేనిదాన్ని, నాకెందుకు? అయినా కంప్యూటర్‌లోకి దించుకున్నాను. అత్తయ్య వంకాయలు తరుగుతూ "ఏంటమ్మాయ్, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు?" అంది.

ఎక్కించగానే కనిపించేది రంగులు. మనం టైపు చేస్తుంటే ఒక్కో రకం మాటకి ఒక్కో రంగు. పాతదాంట్లో మనం కొట్టిందంతా నలుపూ తెలుపూ. ముస్తాబు సంగతి అలా ఉంచితే, తప్పు చేసినప్పుడు మాట్లాడే తీరు బాగుంది. కోడ్‌లో వైల్ (while) అనే మాటలో ఒక ఎల్ ఎక్కువ కొట్టి చూశాను. పాతదైతే "తప్పు" అని ఊరుకునేది. ఇది "మీరు అనబోయింది వైల్ యేనా?" అని అడుగుతుంది.

దాని మీద ఒకటే ఫిర్యాదు. నా నోట్లో మాట నాకు అందించేవాళ్లంటే నాకు పడదు. చిన్నప్పుడు ట్యూషన్ మాస్టారు, షాపువాళ్లు, పెద్దమ్మ కూతుళ్లు, అందరూ అందించేవాళ్లే. ఇదీ ఆ బాపతేనేమో అని కాస్త కోపం వచ్చింది. తర్వాత చూస్తే ఇది అడుగుతుందంతే. అడిగి ఆగుతుంది. నేను దిద్దితేగాని ముందుకి పోదు.

చాలా మంచి రోజు.

అక్టోబర్ 10

డిగ్రీ కాలేజీ నుంచి మెసేజ్. ఎప్పుడో పెట్టిన అప్లికేషన్, ఇప్పుడు చూశారు. పెట్టింది ఆయనే, నా ఫోన్లోంచి. నేను పెట్టొద్దన్నానుగా! కంప్యూటర్స్ లెక్చరర్ ఖాళీ ఉందట. హెడ్డు సీతారామారావు గారు రాశారు: "28న డెమో క్లాసు ఇవ్వండి. నలభై నిమిషాలు. విషయం: పైథాన్ కొత్త వెర్షన్‌లో ఏం మారింది."

ఇన్ని విషయాలుండగా.

అక్టోబర్ 11

వద్దని చెప్పేస్తాను. రేపు ఫోన్ చేస్తాను.

అక్టోబర్ 13

ఫోన్ చేయలేదు. ఫోనంటే "హలో, నా పేరు" అని మొదలుపెట్టాలి. మెసేజ్ పెట్టొచ్చు. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో రాయను.

అక్టోబర్ 16

నాకేం భయం లేదు. దారి దొరికింది. ఒక్క ప కూడా లేకుండా పాఠం తయారుచేస్తున్నాను. ప్రోగ్రాముకి కోడ్. ప్రింటుకి డిస్‌ప్లే. పాత అనకూడదు, ఓల్డ్. 3.14 ని త్రీ డాట్ ఫోర్టీన్ అంటాను. భాష పేరు వచ్చినచోటల్లా "మన లాంగ్వేజ్". ఎంత ప్రేమో అనుకుంటారు.

కొత్త వెర్షన్‌లో ఒక మార్పు ఉంది. ఇదివరకు కోడ్‌లో ఇంకా రాయని భాగం పేరుని ముందే గుర్తుగా రాయబోతే ఒప్పుకునేది కాదు, కొటేషన్లు పెట్టి దాచమనేది. ఇప్పుడు అవసరం వచ్చేదాకా ఆ పేరు జోలికే వెళ్లదు. ఇది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. పేర్ల జోలికి వెళ్లకుండానే నేను ముప్పై రెండేళ్లు లాక్కొచ్చాను, నన్ను చూసి నేర్చుకుందేమో.

అక్టోబర్ 19, ఆదివారం

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి.

భోజనాలయ్యాక ఆయన "డెమో మా మీద ఒకసారి వేసి చూడు" అన్నారు. హాల్లో కుర్చీలు వేశారు. అత్తయ్య నోట్లో వక్కపొడి వేసుకుని పరీక్షాధికారిలా కూర్చుంది. అత్తయ్య అంటే మామూలు మనిషి కాదు, చర్చి స్త్రీల కూడికలో ఈ రిబ్కమ్మ గారు లేచి నిలబడితే పాస్టరు గారే కూర్చుంటారు.

నేను బాగానే మొదలుపెట్టాను. ముందు థ్రెడ్ల సంగతి చెప్పాను. కంప్యూటర్లో ఒకేసారి చాలా థ్రెడ్లు, అంటే టాస్కులు, నడుస్తున్నట్టు కనిపిస్తాయి గాని, మన లాంగ్వేజ్‌లో ఇన్నాళ్లూ తాళం ఒక్కటే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే నడవాలి, మిగతావాళ్లు ఆగాలి.

"చర్చిలో ఒకటే మైకున్నట్టు అత్తయ్యా. ఒకరి తర్వాత ఒకరు. ఇప్పుడు కావాలనుకున్నవాళ్లకి ఆ తాళం లేని రకం కూడా ఇస్తున్నారు. అందరికీ తలా ఒక మైకు."

"అందరికీ మైకులిస్తే ఇంకేముంది? సువార్తమ్మ ఒక పాట, నేనొక పాట. గోల!"

"అదే అత్తయ్యా! అందుకే ఎవరు ఎప్పుడు అందుకోవాలో మనమే జాగ్రత్తగా రాసుకోవాలి."

అత్తయ్యకి అర్థమైంది. నాకు భలే ఆనందమేసింది. అంతలో అడిగింది.

"ఇంతకీ దీని పేరేంటి?"

"దేని?"

"ఇందాకటి నుంచీ మన లాంగ్వేజ్, మన లాంగ్వేజ్ అంటున్నావు. మన లాంగ్వేజ్ తెలుగు. దీనికో పేరు ఏడ్చింది కదా?"

"ఉంది."

"మరి చెప్పవే?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇంకేం తోచక ఆ పేరుకి తెలుగు అర్థం అన్నాను: "కొండచిలువ అత్తయ్యా."

అత్తయ్య నమలడం ఆపేసింది.

"కొండచిలువా? కాలేజీలో పిల్లలకి పాము పాఠం చెప్తావా? దానికా ఉద్యోగం ఇచ్చేది?"

ఆయన నవ్వు ఆపుకోవాలని చూశారు. ఆపుకోలేక ముక్కులోంచి వచ్చింది. ఆ నవ్వు కొండచిలువ విన్నవాడి నవ్వు కాదు. కొండచిలువ ఎందుకు వచ్చిందో తెలిసినవాడి నవ్వు.

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. గిన్నెలన్నీ కడిగినవే, మళ్లీ కడిగాను. ఆయన వెనకాలే వచ్చి నిలబడ్డారు.

"మీకు తెలుసు" అన్నాను.

"ఏంటి?"

"అదే."

"పెళ్లిలోనే తెలుసు" అన్నారు. "అందరూ నీ కళ్లు చూశారు. నేను నీ పెదాలు చూశా. ఏడ్చేవాళ్ల పెదాలు వణుకుతాయి. నీవి బిగుసుకుపోయాయి."

"ఆరేళ్లు! మరి ఒక్కసారైనా అనలేదే?"

"నువ్వే చెప్తావని చూశా."

"నేను చెప్తే ఏమనేవారు?"

"హోటల్లో నూనె వాసన అనడం మానేసేవాణ్ణి. నాకు పూరీ అంటే ప్రాణం హెప్సీ."

అప్పుడు తెలిసింది. ఆరేళ్ల ఆదివారాలు, నేను అడగలేని పూరీ. నాకు నవ్వొచ్చింది, దానికి రెట్టింపు కోపం వచ్చింది.

"ఇన్నాళ్లూ నాతో నాటకం ఆడారన్నమాట."

"నువ్వు ఆడుతున్నావు కదా అని నేనూ ఆడా. ఒక్కదానివే ఆడితే ఏం బాగుంటుంది?"

గిన్నె చేతిలోంచి తీసుకుని ఆయనే తుడిచారు.

"లాంగ్‌జంప్‌లో కొంతమంది పిల్లలు గీత దాకా ఉరికొచ్చి ఆగిపోతారు. అలాంటివాణ్ణి వెనకనుంచి నెట్టకూడదు. ఎత్తుకుని అవతల దింపకూడదు. నిలబడి చూడాలంతే. వాడే మళ్లీ వెనక్కెళ్లి పరిగెత్తుకొస్తాడు. ఇకనుంచి నువ్వు ఆగితే నేను నోరు విప్పను. పూరీ నువ్వే చెప్పుకో."

"రాకపోతే?"

"ఇడ్లీ తిను."

హాల్లోంచి అత్తయ్య అరుస్తోంది, పాముకీ కంప్యూటర్‌కీ ఏంటి సంబంధం అని. ఆయన వెళ్లి చెప్పారు. ఏం చెప్పారో వినపడలేదు. చెప్పొచ్చాక అత్తయ్య వచ్చి, నా మొహం చూసి, "మా తమ్ముడు ఇమ్మాన్యుయేలుకి క దగ్గర అలాగే ఉండేది. కోర్టులో గుమస్తా అయ్యాడు" అంది. క తో అంత కష్టం ఉన్నవాడికి కోర్టే దొరికిందా అని అడగబోయి ఊరుకున్నాను.

అక్టోబర్ 20

పాఠం మొత్తం చెరిపేసి మళ్లీ రాస్తున్నాను. ప లతో.

అక్టోబర్ 23

గోడకి ఎదురుగా నిలబడి "పైథాన్". పదిలో నాలుగుసార్లు వస్తోంది. అత్తయ్య ఆ గదిలోకి రాకుండా పక్కింటి చిట్టెమ్మని కూడా ఆపేస్తోంది. "కోడలు చదువుకుంటోంది" అట.

అక్టోబర్ 25

పదిలో మూడు. రాను రాను తగ్గుతోంది. సాధన చేస్తే పెరగాలి కదా?

అక్టోబర్ 27

తుఫాను. కాలేజీలకి సెలవులు. డెమో వాయిదా, వచ్చే సోమవారం అని మెసేజ్. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నీరసం వచ్చింది.

అక్టోబర్ 29

రాత్రంతా వాన. వినగడప దగ్గర కట్టలేరు వాగు పొంగి రాకపోకలు ఆగాయట. కరెంటు లేదు. ఆయన ఇంట్లోనే. ముగ్గురం కూర్చుని ఉప్మా తిన్నాం. చార్జింగ్ ఉన్నంతసేపు ఆయనకి కొత్త వెర్షన్ చూపించాను. తప్పులు పట్టుకునేచోట రెండు మూడు రకాల తప్పులు ఒకేచోట రాయాలంటే చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరిగా ఉండేవి, ఇప్పుడు అక్కర్లేకుండా కూడా రాయొచ్చు అన్నాను. "ఓస్, ఇంతేనా?" అన్నారు. ఇంతే. కానీ రోజుకి వందసార్లు కొట్టే చేతికి తెలుస్తుంది.

చెప్తూ చెప్తూ "ప్రోగ్రామ్" అనేశాను. ఆగకుండా వచ్చింది. ఇద్దరం గమనించాం. ఇద్దరం గమనించనట్టు ఊరుకున్నాం. ఈ నాటకం బాగుంది.

నవంబర్ 3, సోమవారం

కూర్చుని నెమ్మదిగా రాస్తాను.

ఆయన సెలవు పెడతానంటే వద్దన్నాను. షేర్ ఆటోలో వెళ్లాను. సెకండియర్ క్లాసు, నిండుగా ఉంది. వెనక బెంచీలో సీతారామారావు గారు, ప్రిన్సిపాల్ గారు. బోర్డు మీద 3.14 అని రాసి తిరిగాను. "ఐ యామ్ హెప్సిబా" అని నాలుక మీదకి వచ్చేసింది. మింగేశాను.

"నా మాట కొన్నిచోట్ల ఆగుతుంది. ముఖ్యంగా ప దగ్గర. ఆగినప్పుడు కంగారుపడొద్దు, నేనే వస్తాను" అన్నాను. ఇంట్లో అనుకున్నది ఇది కాదు. అక్కడికక్కడ వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తేలికగా ఉండేదేమో.

"ఇవాళ మనం చూసేది..." అని మొదలుపెట్టాను. పెదాలు అతుక్కున్నాయి.

ఎంతసేపో తెలియదు. ఫ్యాను చప్పుడు వినిపించింది. బయట కాంపౌండులో ఎవరో బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయారు. సీతారామారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. ముందు బెంచీలో తలకి చున్నీ చుట్టుకున్న ఒకమ్మాయి, తట్టుకోలేకపోయింది పాపం, "పైథాన్ మేడమ్!" అంది.

వేరేరోజైతే తలూపి ముందుకి వెళ్లిపోయేదాన్ని. జీవితమంతా అలాగే వెళ్లాను.

"అదేనమ్మా. నీ పేరేంటి?" పేరేంటి ఎలా వచ్చేసిందో నాకే తెలియదు.

"ఫర్హత్ మేడమ్."

"ఫర్హత్, నన్ను అననివ్వు."

మళ్లీ వెనక్కెళ్లి వచ్చాను. "ఇవాళ మనం చూసేది ప్... ప్... పైథాన్." అందంగా ఏమీ రాలేదు. తలుపు మీద తన్నితే తెరుచుకున్నట్టు వచ్చింది. కానీ వచ్చింది నా నోట్లోంచి.

తర్వాత పాఠమే. ఆ నలభై నిమిషాల్లో ఎన్నిచోట్ల ఆగానో లెక్కపెట్టలేదు. మైకుల ఉదాహరణ చెప్పాను, సువార్తమ్మ గారి పేరు మార్చాను. పిల్లలు బాగా నవ్వారు. తర్వాత వైల్‌లో ఎల్ ఎక్కువ కొట్టి చూపించాను. "మీరు అనబోయింది ఇదేనా" అని తెర మీద రాగానే ఫర్హత్ చెయ్యెత్తింది.

"మేడమ్, వైల్ అని దానికి తెలిసినప్పుడు అదే దిద్దుకుని నడిపేయొచ్చుగా? మళ్లీ మనల్ని అడగడం దేనికి?"

మంచి ప్రశ్న. నేను తయారుచేసుకోని ప్రశ్న.

"దానికి తెలియదమ్మా, ఊహిస్తుంది. వైల్ అనే పేరుకి దగ్గరగా నువ్వు వేరే పేరేదో పెట్టబోయి ఉండొచ్చు. తనే దిద్ది నడిపేస్తే అప్పుడు నడిచేది నీ ప్రోగ్రామ్ కాదు, దాని ప్రోగ్రామ్. అందుకని అడిగి ఆగుతుంది."

ఫర్హత్ నా వైపు చూసింది. తర్వాత నోటి మీద చెయ్యి పెట్టుకుని "సారీ మేడమ్" అంది చిన్నగా.

"సారీ ఎందుకు? నువ్వు అడగబట్టేగా ఇది చెప్పగలిగాను" అన్నాను.

ఆఖర్న సీతారామారావు గారు లేచారు. "ఇంత బాగుందంటున్నారు కదా, మన ల్యాబ్‌లో రేపే ఎక్కించేయమంటారా?"

అవునంటే ఆయనకి నచ్చుతుందని ముఖం చూస్తే తెలుస్తోంది. "వద్దండీ" అన్నాను. "కొత్తది వచ్చిందని పాతవి పని చేయడం మానేస్తే పిల్లలు పరీక్షల ముందు ఇబ్బంది పడతారు. ముందు ఒక్క కంప్యూటర్లో ఎక్కించి, మన పాత ప్రోగ్రాములన్నీ దాని మీద వేసి చూద్దాం. ఏవి విరుగుతాయో చూసుకుని అప్పుడు."

అన్నీ ప లే. ప్రతి దాని దగ్గరా తడబడ్డాను. ఓల్డ్ అనలేదు. ఆయన ఆసాంతం నిలబడే విన్నారు.

బయటికి వచ్చేటప్పుడు "కొంచెం నెమ్మదిగా నడిచిందమ్మా క్లాసు" అన్నారు. గుమ్మం దగ్గర ఆగి మళ్లీ అన్నారు: "అయితే మా వాళ్లలో ఒక్కడూ ఫోన్ తీయలేదు. నా క్లాసులో తీస్తారు."

ఇంటికొచ్చి పడుకున్నాను. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

నవంబర్ 4

కాలేజీ నుంచి ఏమీ లేదు. ఆయన అడగలేదు. అత్తయ్య మాత్రం అడిగింది, ఉద్యోగం గురించి కాదు, సువార్తమ్మ పేరు మార్చి ఏం పెట్టావని. తన పేరే, రిబ్కమ్మ అని పెట్టానన్నాను. మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. పాయసం మాత్రం చేసింది.

నవంబర్ 6

ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఎప్పుడూ మోగనిస్తాను, ఆగాక మెసేజ్ పెడతాను. ఇవాళ ఎత్తాను.

సోమవారం నుంచి రమ్మన్నారు. వారానికి పద్దెనిమిది క్లాసులు, మొదటి క్లాసు ఫస్టియర్‌కి. ఫస్టియర్ వాళ్లు నవ్వుతారట, ముందే చెప్పారు సీతారామారావు గారు. నవ్వనివ్వండి అన్నాను.

నవంబర్ 10

నవ్వారు.

ఇద్దరు. మూడో బెంచీ. ఒకడు నాలాగే పెదాలు బిగించి చూపించాడు కూడా. కళ్లల్లో నీళ్లొచ్చాయి. బోర్డు వైపు తిరిగి రెండు లైన్లు రాశాను, తిరిగాను, పాఠం చెప్పాను. గంట కొట్టేసరికి వాడే ముందుకొచ్చి, తన ల్యాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ ఎక్కడం లేదు మేడమ్ అన్నాడు. ఎక్కించి ఇచ్చాను. నేను వాణ్ణి క్షమించలేదు ఇంకా. చూద్దాం.

నవంబర్ 16, ఆదివారం

బస్టాండ్ సెంటర్. సర్వరు వచ్చి నిలబడ్డాడు. ఆయన నోరు విప్పలేదు. నేను ఆగాను. సర్వరు పక్క టేబుల్ తుడిచి వచ్చాడు. "రెండు పూరీ" అన్నాను. ఇద్దరం తలా ఒక ప్లేటు తిన్నాం. ఆయన ఇంకో ప్లేటు కూడా తిన్నారు. ఆరేళ్ల బాకీ అట.

నవంబర్ 22

ఇవాళ ల్యాబ్‌లో పాత ప్రోగ్రాములు వేసి చూడటం పూర్తయింది. ఒకటే విరిగింది, సీతారామారావు గారు రాసిందే. చేతులు కట్టుకుని నవ్వారు. దాన్ని నేనూ ఫర్హత్ వాళ్ల బ్యాచీ కూర్చుని బాగుచేశాం. ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది, ఫర్హత్ ఏమంది, నేనేమన్నాను, పెద్దాయన ఏమన్నారు, మూడో బెంచీవాడు మధ్యలో దూరి ఏం చేశాడు, అంతా భోజనాల దగ్గర ఆయనకి చెప్తున్నాను. ఆగినచోట ఆగుతూ, మళ్లీ అందుకుంటూ, మధ్యలో వేరే సంగతి గుర్తొస్తే అటు వెళ్లి వస్తూ.

అత్తయ్య గరిటె పట్టుకుని ఎంతసేపు చూసిందో.

"అబ్బబ్బ, ఎంత వాగుతున్నావే తల్లీ! వాణ్ణి రెండు ముద్దలు తిననీ."

తిననివ్వలేదు.